సోఫా మీది బొంత

మా అమ్మ సోఫాను కళ్ళల్లో పెట్టుకుని చూసుకునేది. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు పెళుసెక్కి పగిలేదాకా తీయనివ్వలేదు. అది పగిలాక, సోఫా మీదికో బొంత కుట్టే పని మా వదిన నెత్తిన పడింది.

పెళ్ళికి ముందు వదిన చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. పన్నెండేళ్ళుగా మా ఇంట్లో దిండు గలీబులు, తెరలు, నా జాకెట్లు కుడుతోంది. ఆవిడ కుట్టుకు వంక పెట్టడం అమ్మకు చేతకాలేదు. అమ్మకు చేతకాని విద్య అదొక్కటే.

ఆ నెల మొదట్లో ఫ్యాక్టరీ సూపర్‌వైజరమ్మ కబురు పంపింది. కొత్తవాళ్ళకు పని నేర్పే ఉద్యోగం ఉంది, నెలాఖరు రోజు నాలుగింటిలోగా వచ్చి సంతకం పెట్టాలి. వదిన ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"వెళ్ళు, ఎవరొద్దన్నారు? ముందు బొంత పూర్తి చెయ్యి," అంది అమ్మ.

పైన పూల గుడ్డ, నడుమ దూది, అడుగున పాత దుప్పటి. అంత మందం మిషను మీద సాగదు. వదిన నేల మీద కూర్చుని, ఒళ్ళో వేసుకుని, మధ్య నుంచి అంచులకు చేత్తోనే కుట్టుకుంటూ పోయింది. సగమయ్యాక అమ్మ, "సోఫా చేతుల మీదికి కూడా రావాలి," అంది. ఇంకో వారం పోయింది. వదిన రోజూ సూదిలో దారం ఎక్కిస్తూనే ఉంది. నాకు ఒళ్ళు మండేది. సోఫాలో కూర్చుని మండడం తప్ప నేను చేసిందేమీ లేదు.

నెలాఖరు రోజు మూడింటికి ఆఖరి ముడి వేసి దారం కొరికింది. ఫ్యాక్టరీ పావుగంట నడక. లేవబోతే బొంత కూడా లేచింది. అంచుతోపాటు తన చీరను కూడా జానెడు పొడవున కలిపి కుట్టేసుకుంది.

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అమ్మ గడియారం వంక చూసి, ఏమనిపించిందో, కత్తెర తెచ్చిచ్చింది.

"కోసేసి వెళ్ళమ్మాయ్. బొంత పోతే పోయింది."

"చీర విప్పి అక్కడే పడెయ్ వదినా, నాది కట్టుకుని వెళ్ళు," అన్నాను.

వదిన కత్తెర పక్కన పెట్టింది. "పని ఇట్లా వదిలేసి ఎలా వెళ్తాను? ఎంతసేపు, ఇట్టే విప్పేస్తాను."

సూది మొనతో ఒక్కో కుట్టూ ఎత్తి విప్పింది. విప్పిన అంచును మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. మూడున్నర దాటింది.

"అది తర్వాత చూసుకోవచ్చు, లేమ్మా," అని బతిమాలింది అమ్మ.

"అయిపోయింది అత్తయ్యా," అంటూనే ఉంది వదిన. చేతిలో సూది ఆగలేదు. పన్నెండేళ్ళు 'ముందిది పూర్తి చెయ్యి' అంటూ వచ్చాం. ఇప్పుడు వద్దన్నా ఆ చేతులు వినడం లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

నాలుగు దాటాక వదిన బొంతను సోఫా మీద పరిచింది. ఒక్క ముడత లేదు.

"కూర్చోమ్మా," అంది అమ్మ. వదినతో ఆ మాట అనడం అదే మొదలు.

వదిన గడియారాన్ని చూసింది, బొంతను చూసింది.

"నలిగిపోతుంది అత్తయ్యా," అని కింద కూర్చుంది.