డాక్టరు కాని వినుత

తమిళనాడులో హోసూరు పక్క తళి దగ్గర గ్రీన్‌హౌసులో గులాబీలు పెంచే లక్ష్మణప్ప, తన కూతురు వినుత డాక్టరని ఊరంతా చెప్పుకున్నాడు. నిజానికి ఆమె డెంకణికోట సర్కారు ఆసుపత్రిలో ఫార్మసిస్టు. మందులిచ్చే పనంటే జనం చులకన చేస్తారని ఆయన భయం. అలా చెప్పొద్దని వినుత ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఒకనాడు వినుత డ్యూటీకి పోయినాక, పక్కతోట నాగేశప్ప మోకాళ్ల నొప్పితో వచ్చాడు. డాక్టరమ్మ ఇంట్లో మందుండదా అని అడిగాడు. లేదనడానికి లక్ష్మణప్పకు నోరు రాలేదు. భార్య మునెమ్మ నడుంనొప్పికని తెచ్చిపెట్టుకున్న మాత్రలు తీసి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోమన్నాడు.

కొన్నాళ్లకే నాగేశప్ప నెత్తురు కక్కుకున్నాడు. కృష్ణగిరి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మీ ఇంటి మాత్రలే వేసుకున్నాడని నాగేశప్ప ఇంటివాళ్లు చెప్పగా విని, వినుత తండ్రి ముందు కూర్చుంది.

“ఆయప్ప గుండెజబ్బుకు రక్తం పల్చబడే మాత్ర తింటాడప్పా. దాంతో ఈ నొప్పిమాత్ర కలిస్తే కడుపులో నెత్తురు కారుతుంది. ఇంకేం మందులు తింటావని అడిగినావా?”

“నాకేం తెలుసమ్మా.”

“అది తెలుసుకొనేదానికే నేను చదివినాను. ఆ చదువు పేరు చెప్పేకి నీకు సిగ్గయ్యింది.”

నాగేశప్ప బతికి ఇల్లు చేరాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అదే లక్ష్మణప్పను ఎక్కువ కాల్చింది. దారిలో నాగేశప్ప కనబడితే పక్క సందులోకి తిరిగేవాడు.

కొన్ని నెలలకు, ప్లస్ టూ పిల్లలకు ఫార్మసీ చదువు గురించి చెప్పమని బడివాళ్లు వినుతను పిలిచారు. బండి మీద దింపడానికి వచ్చిన లక్ష్మణప్ప గదిలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. హెడ్‌మాస్టరు ఊళ్లో అందరూ అన్నట్టే ఆమెను డాక్టరని పరిచయం చేశాడు. ఆమె అది సరిదిద్దేలోపే లక్ష్మణప్ప లేచాడు.

“నా కూతురు ఫార్మసిస్టు. నేనే అబద్ధం చెప్పినాను. ఏమీ తెలీకుండా మాత్రలిచ్చి ఒక మనిషిని చావుదాకా తీసుకుపోయినాను. ఇష్టమున్నోళ్లు ఈ చదువు చదవండి. మన ఊళ్లకు కావాల.”

ముందు బెంచీలో నాగేశప్ప మనవరాలు సౌందర్య ఉంది. ఆయన చెప్పిన ఆ మనిషెవరో ఆమెకు తెలుసు. లేచి, బయాలజీ చదివినవాళ్లు చేరొచ్చా అని వినుతను అడిగింది. చేరొచ్చని, డిప్లొమా కూడా ఉందని వినుత ఓపిగ్గా చెప్పింది.

సౌందర్య ఇప్పుడు హోసూరులో బి.ఫార్మ్ చదువుతోంది. ఊరికొస్తే లక్ష్మణప్పను పలకరిస్తుంది. ఆయన బదులిస్తాడు గాని, ఆ పిల్ల మొహం చూసి మాట్లాడలేడు.