మావ ఇచ్చిన నరాల మాత్రలు

నేను చేసేది మెడికల్ కోడింగ్. ఎక్కడో అమెరికాలో ఒక డాక్టరు తన రోగి గురించి రాసిన నోట్సుని విజయనగరంలో మా ఇంటి మధ్యగదిలో కూర్చుని చదివి, ఆ జబ్బుకు తగిన కోడ్ పెట్టడం నా పని. ఆ కోడ్ చూసి ఇన్సూరెన్సు వాళ్ళు బిల్లు తేలుస్తారు. మా వీధిలో వాళ్ళకి మాత్రం నేను సగం డాక్టరుని. తలనొప్పికి ఏ మాత్ర వేసుకోవాలని గుమ్మంలో నిలబడి అడుగుతారు. చెప్పను.

నా దగ్గరకి ఎక్కువగా వచ్చేవి నొప్పి మాత్రలకు అలవాటు పడిపోయినవాళ్ళ ఫైళ్ళు. నల్లమందు జాతి మాత్రలవి. నడుంనొప్పికని మొదలవుతాయి, తర్వాత అవి లేకపోతే ఒళ్ళు నిలవదు. ఇందులో మాకు ఒక గట్టి నియమం ఉంది. మందుల్లో ఆ మాత్ర కనబడింది కదా అని మా అంతట మేం ఆ కోడ్ పెట్టకూడదు. అలవాటు పడ్డాడన్న మాట డాక్టరే రాయాలి. రాయకపోతే లేనట్టే. ఇంకో సంగతి. ఆ మనిషి తెలిసి తెచ్చుకున్నాడా, తెలియక మింగాడా అన్నది కోడ్‌లో తేలదు. డాక్టరు రాసే రెండు ముక్కల్లోనే ఉంటుంది. ఆ తర్వాత ఫైలు తెరిచిన ప్రతివాళ్ళూ ఆ రెండు ముక్కలు చదివాకే రోగి మొహం చూస్తారు.

మా అమ్మ పొందూరులో నూలు వడికేది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, రాట్నం ముందు కూర్చుని కూర్చుని నడుం పోగొట్టుకుంది. ఆమె తమ్ముడికి, అంటే మా మావకి, అక్కడే మందుల షాపు. వాళ్ళ అమ్మానాన్నా తొందరగా పోతే అతన్ని పెంచింది అమ్మే. అప్పా అప్పా అంటూ అక్క వెనకే తిరిగేవాడట. పెళ్ళయ్యాక అత్తారింటికి కూడా వెంటబెట్టుకునే వచ్చింది. పెళ్ళాంతో పాటు ఎదిగిన కొడుకు కూడా దొరికాడని మా నాన్న ఉన్నన్నాళ్ళూ వేళాకోళం ఆడేవాడు.

మా వైపు మాత్రల అట్ట మొత్తం ఎవరూ కొనరు. కావలసినన్ని కత్తెరతో కత్తిరించి చిన్న కాగితం కవర్లో వేసి ఇస్తారు. పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. మనమూ అడగం. తెల్లది పొద్దున, ఎర్రది రాత్రి అని రంగులు గుర్తు పెట్టుకుని ఇంటికొస్తాం. మావ అమ్మకి ఇచ్చేవి నరాల మాత్రలు. అతని హస్తవాసి మంచిదని ఆమె నమ్మకం. మొదట రాత్రి మాత్రమే వేసుకునేది. అది పనిచేయడం లేదంటే పొద్దున కూడా వేసుకోమన్నాడు. వేరే డాక్టర్లకి చూపించొద్దనీ అన్నాడట, వాళ్ళు ఊరికే మందులు మార్చేస్తారని.

ఒకసారి అమ్మ కంటి పరీక్షకని నా దగ్గరకి వచ్చింది. డాక్టరు మళ్ళీ రమ్మనడంతో అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఉండిపోయింది. కవరు ఖాళీ అయింది. ఊరెళ్ళాక తెచ్చుకుంటానంది. మర్నాటికి ఆవలింతలు పట్టుకున్నాయి. ముక్కు కారుతోంది, కళ్ళ వెంట నీళ్ళు. కంట్లో వేసిన చుక్కల వల్ల అనుకున్నాం. ఉక్కపోతలో ఫ్యాను ఆపేసినా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకునే ఉన్నాయి. కాళ్ళల్లో ఏదో పాకుతోందని మంచం మీద అటూ ఇటూ పొర్లింది. నేను పక్కనే కూర్చుని, మాత్రలు ఆగిపోయిన ఒక రోగి ఫైలు చదువుతున్నాను. ఆవలింతలు, ముక్కు కారడం, రోమాలు లేవడం, కాళ్ళు నిలవకపోవడం. స్క్రీన్ మీంచి తలెత్తి అమ్మని చూశాను.

మావకి ఫోన్ చేశాను. నరాల మాత్రేనన్నాడు. పేరు చెప్పమని పట్టుబట్టాను. చివరికి చెప్పాడు. నాకు రోజూ కనబడే పేరే. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మాత్ర. ఎందుకిచ్చావంటే, అప్ప నొప్పితో ఏడుస్తుంటే చూడలేకపోయానన్నాడు. ఆ మాట నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. నా కోపం దానికి కాదు.

మర్నాడు అమ్మని విజయనగరంలోనే ఆసుపత్రికి తీసుకెళ్తే, మావ బత్తాయిలు పట్టుకుని అక్కడికి వచ్చాడు. డాక్టరు అన్నీ ఓపిగ్గా విని, ఈ మాత్రలు ఎవరిచ్చారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మావ అందుకున్నాడు.

“మేం సెప్తానే ఉన్నాం సార్. మా అప్ప ఇనదు. ఎక్కడెక్కడో కొనీసుకుంటాది.”

అబద్ధం, ఇచ్చింది ఈయనేనని డాక్టరుతో చెప్పాను. డాక్టరు మా ఇద్దరినీ వదిలేసి అమ్మని అడిగాడు. అమ్మ మావ వైపు చూసింది. తర్వాత తల దించుకుంది.

“అవునండి. నానే తెచ్చుకున్నాను.”

డాక్టరు అదే రాసుకున్నాడు. రోగి తన నోటితో చెప్పింది కాదని కూతురి మాట ఎందుకు రాస్తాడు? ఆయన స్థానంలో ఎవరున్నా అంతే.

బయటికొచ్చాక అమ్మ నన్నే కసిరింది. వాడి లైసెన్సు పోతే పెళ్ళాం పిల్లలు ఏమైపోతారంది. ముసలిదాన్ని, నా పేరు ఏమైపోతే నీకేంటంది. తమ్ముణ్ణి కాపాడుకోవడం కోసం పదిమందిలో నన్ను అబద్ధాలకోరుని చేసింది. మావ చేసింది ద్రోహమే. అమ్మ చేసింది నాకు ఇంకా ఎక్కువ తగిలింది. ఆ రోజు వాళ్ళిద్దరూ ఒకటై, నేను పైదాన్ని అయిపోయాను.

వైద్యం బాగానే జరిగింది. అమ్మ ఆ మాత్రల నుంచి బయటపడింది. నడుంనొప్పి ఉంది, పళ్ళ బిగువున ఓర్చుకుంటోంది. మావ ఇంటికి రాకపోకలు మామూలే. నేనే అతనితో మాట మానేశాను.

ఈ మధ్య పొందూరులో వాకిట్లో జారిపడి అమ్మ మణికట్టు విరిగింది. మావే కారులో అదే ఆసుపత్రికి తీసుకొచ్చాడు. నేను వెళ్ళేసరికి అమ్మ చెయ్యి వాచిపోయి, ముట్టుకుంటే కేక పెడుతోంది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కంప్యూటర్లో పాత ఫైలు తెరిచాడు. చదువుతుండగా అతని మొహం మారింది. నాకు ఆ మార్పు తెలుసు. నొప్పికి గట్టి ఇంజెక్షను ఇవ్వమని అడిగితే, జ్వరం మాత్రతో సర్దుకోమన్నాడు. ఇలాంటివాళ్ళు నొప్పి ఎక్కువ చేసి చెబుతారని అమ్మ ముందే నర్సుతో అన్నాడు.

అమ్మకి ఆ మాట అర్థమైంది. ఆ రెండు ముక్కలు తన మీద ఎలా పనిచేస్తాయో ఆమెకి అప్పటిదాకా తెలియదు. బాగున్న చేత్తో మావ చొక్కా పట్టుకుంది.

“ఒరే, ఇప్పుడైనా సెప్పరా. అవి నువ్విచ్చినవని సెప్పు.”

మావ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. జేబురుమాలు తీసి, అమ్మ నుదుటి మీద చెమట ఎంతో ప్రేమగా తుడిచాడు.

“ఏటి సెప్పమంటావప్పా?” అన్నాడు.