డైరీలో రాయని చోటు

టాటానగర్ స్టేషన్ వెయిటింగ్ రూములో నా తెలుగు డైరీ చూసి, పక్కనున్న నర్సింగ్ విద్యార్థిని తన పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

"తాతగారూ, ఈరోజు నాకు పరీచ్చ. పాఠం చెప్తాను, వినండి. మన మాటల్లో చెప్పలేకపోతే నాకు రానట్టే."

"నాకేటి తెలుస్తాదమ్మా?"

"అచ్చా, అందుకే మీకు చెప్తన్నాను!"

ఇన్సులిన్ గురించి మొదలెట్టింది. "రోజూ ఒకే చోట సూది పొడిత్తే గడ్డ కడతాది. మందు సరిగా ఒంటికి పట్టదు."

నా చెయ్యి పొట్ట కుడివైపున్న గడ్డ మీదికి వెళ్లింది. ఏళ్లుగా డైరీలో ఇన్సులిన్ వేళ రాశాను, మోతాదు రాశాను. షుగరు మాత్రం నిలకడగా ఉండేది కాదు.

"ఏటి తాతగారూ, తప్పు చెప్పానా?"

"లేదమ్మా. పాసైపోయావు."

తర్వాత గడ్డ చూపిస్తే డాక్టరూ ఆమె మాటే అన్నారు. ఇప్పుడు షుగరు నిలకడగా ఉంది. ఈ ఉదయం డైరీలో మోతాదు పక్కన ‘ఎడమ’ అని రాశాను.