లోపల వదిలిన రెండంగుళాలు

ఆ వీధిలో ఆయన్ని అందరూ కోతల మాస్టారు అంటారు. కత్తెర పట్టి గుడ్డ కోస్తాను కాబట్టి ఆ పేరొచ్చిందని ఆయన చెప్పుకుంటాడు. వినేవాళ్ళకి అసలు సంగతి తెలుసు. తను కుట్టిన కోటు వేసుకుని ఒక పెద్దమనిషి కాలవలో పడితే, మనిషి తడిశాడు గానీ కోటు తడవలేదట. తను కుట్టిన గుండీ ఊడాలంటే ముందు చొక్కా చిరగాలట, ఆ తర్వాత మనిషి చిరగాలట. ఇలాంటివి సూదిలోకి దారం ఎక్కించినంత తేలిగ్గా చెబుతాడు. మొహాలు మాత్రం ఆయనకి గుర్తుండవు, భుజాలు గుర్తుంటాయి. పదేళ్ళ తర్వాత కనబడిన మనిషిని వెనకనుంచి చూసి, "బాబూ, నీ కుడిచెయ్యి అరంగుళం పొడుగు కదూ!" అనగలడు. ఇది కోత కాదు, నిజం.

ఆయన కొట్టులో గుడ్డల బీరువా పక్కన, గోడకి ఒక సైకిలు వేలాడుతూ ఉంటుంది. దానికో బూడిదరంగు కోటు. కోటంటే నిజంగా కోటే. వానకోటు గుడ్డతో చక్రాల మీదికి గుండ్రంగా దించి, హ్యాండిలుకి రెండు చేతులు పెట్టి, జిప్పు వేసి ఆయనే కుట్టాడు.

అది షాపులో దొరికే సైకిలు కాదు. ఊరి చివర పందెం సైకిళ్ళకి ఫ్రేములు కట్టే వెల్డరు ఒకాయన ఉన్నాడు. మనిషిని నిలబెట్టి, కాలూ చెయ్యీ నడుమూ కొలిచి, ఆ ఒక్క మనిషికే సరిపోయేలా సన్నటి ఉక్కు గొట్టాలు అతికి కడతాడు. అలాంటిది కొనాలంటే మామూలు మనిషి ఇంట్లో ఏదో ఒకటి అమ్ముకోవాల్సిందే. మాస్టారు తన పదహారేళ్ళ కూతురి కోసం మోటారు కుట్టుమిషను అమ్మేశాడు. మూలన పడున్న పాత కాలిమిషను దుమ్ము దులిపి, దానిముందు కూర్చున్నాడు.

"నువ్వక్కడ తొక్కు, నేనిక్కడ తొక్కుతా. ఎవరు గెలుస్తారో చూద్దాం," అన్నాడు కూతురితో.

"నీది కదలదు కదా నాన్నా!"

"అదే కిటుకు. బయల్దేరనివాణ్ణి ఓడించడం ఎవడి తరం?"

కొలతల రోజున మాస్టారు ఊరికే ఉండలేదు. వెల్డరు చెవిదగ్గర చేరి, "లోపల రెండంగుళాలు వదలండి," అన్నాడు.

"ఏం వదలాలి?"

"పెరిగే పిల్లండీ. ఏం కుట్టినా మేం లోపల గుడ్డ వదులుతాం. పొడుగయ్యాక విప్పుకోవచ్చని."

వెల్డరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మాస్టారూ, ఇది ఇనుము! మడిచి కుట్టడానికి గౌననుకున్నారా? పందెం సైకిలు ఒంటికి అతికినట్టుండాలి. పెద్దది కడితే పిల్ల సాగి సాగి తొక్కాలి. నడుం పోతుంది."

"ముప్పై ఏళ్ళుగా పిల్లల్ని కొలుస్తున్నా. నా మాట వినండి."

విన్నాడు. ఫ్రేము రెండంగుళాలు పెంచి కట్టాడు. సీటు కింది గొట్టం అడుగుదాకా దించి బిగించాడు.

ఆ సైకిలుని పిల్ల ఐదు నెలలు తొక్కింది. వెళ్ళింది ఒకే ఒక్క పందేనికి. హ్యాండిలు దూరమై, చేతులు చాలక, ఒళ్ళంతా సాగదీసుకుని తొక్కింది. ఏడో స్థానంలో వచ్చింది. దిగి, ఎవరూ చూడట్లేదనుకుని నడుం పట్టుకుంది. మాస్టారు చూశాడు.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"అబ్బే. వచ్చే ఏడాదికి నాకు సరిగ్గా సరిపోతుంది, చూస్తూండు నాన్నా."

వచ్చే ఏడాది ఆ పిల్లకి రాలేదు. ముందు జ్వరమన్నారు, తర్వాత రక్తంలో ఏదో అన్నారు. పదిహేడు రోజులు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద గడిచాయి. పద్దెనిమిదో రోజుకి మాస్టారి దగ్గర టేపు ఉంది, కొలవడానికి పిల్ల లేదు.

మూడేళ్ళయింది. కాలిమిషను ఆయన మోకాళ్ళని నమిలేసింది. లేవాలంటే బల్ల పట్టుకోవాలి.

"ఏమండీ, ఆ సైకిలు అమ్మేద్దాం," అంది భార్య. కొట్లో గుండీలూ చేతికుట్లూ ఆవిడవే. "ఆ డబ్బుతో మోటారు మిషను వస్తుంది. టైర్లు కూడా పగుళ్ళిస్తున్నాయి, చూశారా?"

"అమ్మనన్నానా? బోర్డు పెట్టాను కదా!"

"పెట్టారు. వచ్చినవాళ్ళనల్లా తరుముతున్నారు."

నిజమే. ఎవరొచ్చినా ముందు టేపు తీసేవాడు. బ్యాంకు గుమస్తా వస్తే, "మీ కాలు ముప్పావంగుళం పొట్టి. ఎక్కితే దిగలేరు," అన్నాడు. వ్యాయామశాల కుర్రాడొస్తే, "ఈ చేతులకి సైకిలెందుకు నాయనా, హాయిగా చెట్టెక్కు," అన్నాడు. అప్పటికీ కదలకపోతే పందెం కథ ఎత్తుకునేవాడు. మొదట్లో ఆ కథలో కూతురు పది గజాల తేడాతో ఫస్టొచ్చింది. ఎండాకాలానికి అది ఒక మైలయింది. వానలు పడేసరికి, రెండో పిల్ల గీత దాటేటప్పటికి అక్కడి వాళ్ళు కుర్చీలు సర్దేస్తున్నారు. "అలాంటి సైకిలు మీరు తొక్కగలరా?" అంటే, వచ్చినవాడు నోరు మూసుకుని వెళ్ళిపోయేవాడు. భార్య తలెత్తకుండా దారం కొరికేది. ఏడో స్థానం సంగతి ఆవిడకీ తెలుసు. ఆ రోజు ఆవిడా అక్కడే ఉంది.

ఒక మధ్యాహ్నం, జెర్సీ జిప్పు బాగుచేయించుకోవడానికి వచ్చిన అమ్మాయిని ఆవిడే లోపలికి తీసుకొచ్చింది.

"ఈ అమ్మాయి సైకిలు ఫ్రేము విరిగిందటండీ. మనది చూపించండి."

మాస్టారు టేపు తీశాడు. కాలి లోపలి కొలత చూశాడు. మళ్ళీ చూశాడు. చెయ్యి కొలిచాడు, నడుం నుంచి మెడదాకా కొలిచాడు. కూతురి కొలతలు ఆయనకి కంఠతా వచ్చు. ఈ పిల్లవి ఒక్కొక్కటీ వాటిని దాటి, తను వదలమన్న చోటికి వచ్చి ఆగుతున్నాయి.

ఇన్నాళ్ళూ ఇంకెవరికీ సరిపోకూడదని కొలిచాడు. ఇవాళ సరిపోయింది.

"బాగా పొట్టిదానివమ్మా," అన్నాడు.

"ఏమండీ!" అంది భార్య.

ఇక మిగిలింది ఒకటే ఆయుధం. "అదికాదమ్మా. ఈ సైకిలు సంగతి నీకు తెలీదు. దీని మీద మా అమ్మాయి పందెం కొట్టింది. రెండో పిల్ల వచ్చేసరికి కుర్చీలు సర్దేశారు! మామూలువాళ్ళు దీన్ని..."

"తెలుసంకుల్," అంది ఆ అమ్మాయి. "నేనూ ఉన్నానక్కడ. ఆ రెండోదాన్ని నేనే."

భార్య చేతిలో గుండీ కిందపడి బల్ల కిందికి దొర్లింది.

"ఎంత తొక్కినా అందలేదంకుల్. నేను చేరేసరికి నిజంగానే కుర్చీలు సర్దేస్తున్నారు."

మాస్టారు ఆ పిల్ల మొహంలోకి చూశాడు, ఏమీ గుర్తురాలేదు. భుజాల వంక చూశాడు. ఎడమ భుజం అరంగుళం కిందికి ఉంది. ఆ భుజం ఆయనకి తెలుసు. ఆ రోజు గుంపు వెనక నిలబడి, కప్పు అందుకుంటున్న పిల్లని చూస్తూ, 'ఈ పిల్లకి కోటు కుడితే ఎడమవైపు దూది పెట్టాలి' అనుకున్నాడు. కప్పు గెలిచింది ఈ పిల్లే.

గెలిచిన పిల్ల తన ఎదురుగా నిలబడి, ఓడిపోయానని అబద్ధమాడుతోంది. జన్మంతా కోతలు కోసిన మనిషి ఆ కోతముందు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

జిప్పు లాగి సైకిలు కోటు విప్పాడు. పండు నిమ్మకాయ రంగు. కిందికి దింపి, మోకాళ్ళ మీద కూలబడి, పానా పెట్టి సీటు బిగింపు వదులు చేశాడు. గొట్టాన్ని మెల్లగా పైకి లాగాడు.

పాత బట్ట కుట్టు విప్పితే లోపల వదిలిన గుడ్డ అసలు రంగుతో బయటపడుతుంది. వెలిసిన చొక్కాకి ఆ రెండంగుళాలే కొత్తగా ఉంటాయి. గొట్టం కూడా అలాగే వచ్చింది. గీత లేదు, మరక లేదు. రెండంగుళాల మెరుపు. ఆయన దాన్ని బొటనవేలితో తుడిచాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు, అయినా తుడిచాడు. ఎంతసేపటికీ ఆపకపోతే భార్య వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"బిగించండి," అంది.

బిగించాడు.

ఆ పిల్ల ఎక్కి కూర్చుంది. హ్యాండిలు అందింది, నడుం సాగలేదు. వీధి మలుపు దాకా ఆ వీపునే చూస్తూ నిలబడ్డాడు మాస్టారు. మలుపు తిరిగాక కూడా నిలబడ్డాడు. డబ్బున్న కవరు భార్య చేతిలోనే ఉంది, ఇద్దరూ దాన్ని విప్పలేదు.

వారం తిరక్కుండా మోటారు మిషను వచ్చింది. గోడకి ఖాళీ కోటు మాత్రం వేలాడుతోంది. ఎవరైనా సైకిలేదని అడిగితే, "అమ్మేశానండీ. దాని మీద మా అమ్మాయి ఏడో స్థానంలో వచ్చింది," అంటున్నాడు. కోతల మాస్టారి నోట ఇంత చిన్న మాటా అని ఎవరూ నమ్మట్లేదు. ఇందులో ఏదో పెద్ద కథే ఉందని నవ్వి వెళ్ళిపోతున్నారు.

ఈ మోటారు మిషనుకి కాళ్ళతో పనిలేదు, చేతిదగ్గర ఒక్క మీట నొక్కితే చాలు. మాస్టారు మీట నొక్కి కుడుతూంటాడు. బల్ల కింద, ఏమీ లేని చోట, ఆయన పాదాలు రెండూ తొక్కుతూనే ఉంటాయి. భార్య చూస్తుంది, మళ్ళీ దారం కొరుకుతుంది.