తిన్నని అణువు మీద అనుమానం

బెండకాయ కొస తుంచి చూడందే నేను కొనను. జగ్గయ్యపేట కూరగాయల వాళ్లకు అందుకే నేనంటే చిరాకు. రెండువేల సంవత్సరం తర్వాతి ఆ రోజుల్లో రోజూ బస్సులో నందిగామ వెళ్లి ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ పీహెచ్‌డీ చేసేదాన్ని. అది వస్తేనే ఉద్యోగం నిలుస్తుందని యాజమాన్యం తేల్చి చెప్పేసింది.

నా థీసిస్ అంతా మూడు పరమాణువులున్న ఒక చిన్న అణువు మీద. అది పుల్లలా తిన్నగా ఉంటుందని మా గైడుగారు ఎప్పుడో పేపరు వేశారు. కంప్యూటర్లో దాని ఆకారం లెక్క కట్టాలంటే ముందు దాని సౌష్ఠవం, అంటే ఎలా తిప్పితే ఒకేలా కనిపిస్తుందో, చెప్పాలి. తిన్నని అణువును దాని ఇరుసు చుట్టూ ఎంత తిప్పినా ఒకేలా కనిపిస్తుంది. అన్ని అనంతమైన తిప్పుళ్లను ప్రోగ్రాం మోయలేదు. అందుకని అరచుట్టు తిప్పుళ్లూ అద్దం బొమ్మల్లాంటివీ కొన్నే ఉండే డీటూహెచ్ అనే చిన్న గ్రూపు ఎంచుకుంటాం. గైడుగారు అదే పెట్టమన్నారు, పెట్టాను. ప్రతిసారీ అణువు తిన్నగానే వచ్చింది.

అంత బుద్ధిగా రావడమే నాకు నచ్చలేదు. ఆ గ్రూపు ఎంచుకున్నాక ఏ పరమాణువూ గీత దాటి పక్కకు జరగడానికి వీల్లేదు. వంగకుండా మనమే కట్టేసి, వంగలేదని రాసుకోవడమేమిటి? ఇంటికెళ్లే బస్సు చిల్లకల్లు దాటేదాకా ఇదే గొణుక్కునేదాన్ని. అణువుల్ని కూడా అనుమానించే మనిషిని నిన్నొక్కదాన్నే చూశానని ఇంట్లో మా ఆయన నవ్వాడు.

సౌష్ఠవం పూర్తిగా తీసేసి ప్రోగ్రాం మళ్లీ నడిపాను. అయినా తిన్నగానే వచ్చింది. నా అనుమానం ఇంకా ముదిరింది. చూస్తే పక్కకు లాగే బలం అచ్చంగా సున్నా. మొదట్లోనే సరిగ్గా తిన్నగా పెట్టాను కాబట్టి దానికి ఎడమైనా కుడైనా ఒకటే, ఇక ఎటు కదులుతుంది? ఈసారి చివరి పరమాణువును కాస్త పక్కకు జరిపి వదిలాను. అది తిరిగి తిన్నగా అవలేదు. ఇంకా వంగి, ఇంకా తక్కువ శక్తి దగ్గర స్థిరపడింది.

భయమేసింది. గైడుగారి పేపరే తప్పయితే నా డిగ్రీ మీద సంతకం ఎవరు పెడతారు?

అయినా ప్రింటు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. చాలాసేపు తిరగేశారు.

"నువ్వే వంచావు కదమ్మా" అన్నారు.

"నేను కొంచెమే కదిపానండి. మిగతాది అదే వంగింది."

ఆయన ఆ కాగితాలు సొరుగులో పెట్టి, థీసిస్‌లో డీటూహెచ్ లెక్కలే ఉంచమన్నారు. కుదరదండీ అన్నాను. బయటికొచ్చి సంచి తడుముకున్నాను. ముందే తీసిపెట్టుకున్న రెండో ప్రింటు భద్రంగా ఉంది.