డేనియల్ గారు అనని మాట

పదకొండేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. ప్రార్థనలో కూడా ఇది దాటేసేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డేనియల్ గారిది కాకినాడ. లండన్‌లో ఒక ప్రధానమంత్రికి కారు నడిపారు, పదవిలోకి వచ్చిన రోజు నుంచి దిగిపోయిన రోజు దాకా. ఆ ప్రధాని పేరు ఇక్కడ రాయను. రిటైరయ్యాక కెనడాలోని కిచెనర్‌లో కూతురు గ్రేస్ దగ్గరికి వచ్చేశారు. నేనప్పుడు అదే ఊళ్లో ఉంటూ ఆ మాజీ ప్రధాని జీవితం మీద పుస్తకం రాస్తున్నాను. ఎవరి దగ్గరా నోరు విప్పని మనిషి, తెలుగమ్మాయినని నాతో మాట్లాడారు. ఆరు వారాలు, ఆయన వండిన చేపల పులుసు తింటూ రికార్డ్ చేసుకున్నాను.

రాజీనామా రోజు గురించి అడిగితే, "వెనక సీట్లో కూర్చున్నారమ్మా. ఇల్లు చేరేదాకా ఒక్క మాట లేదు," అన్నారు. అంతే.

నాకది చాలలేదు. ప్రధాని వెక్కి వెక్కి ఏడ్చారని, "మావాళ్లే నన్ను ముంచారు" అన్నారని రాశాను. డ్రైవర్ చెప్పాడని రాశాను. ఎందుకు? పుస్తకం చప్పగా ఉందని ఎడిటర్ అన్నందుకా? కాదు. పేరు కోసం.

పేపర్లన్నీ ఆ ఏడుపునే ఎత్తి రాశాయి. లండన్‌లోని పాత డ్రైవర్లు ఆయనకు క్రిస్మస్ కార్డులు పంపడం మానేశారు. కారులో విన్నది కారులోనే వదిలేయాలని బతికిన మనిషి, ఒక మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చారు. ముఖంలో కోపం లేదు. ఉంటే నిజం చెప్పేదాన్నేమో.

"అమ్మా, ఈ మాట నేనన్నానా?"

"అన్నారు అంకుల్. మరిచిపోయినట్టున్నారు."

"టేపులో ఉందా?"

"ఉంది."

చాలాసేపు ఆ పేజీనే చూశారు. "అయితే నాకు మతి పోతోందన్నమాట," అన్నారు మెల్లగా. నేను లేచి టీ పెట్టాను. అవును, టీ పెట్టాను.

ఆ వారమే కారు తాళాలు గ్రేస్ చేతిలో పెట్టేశారు. ఆ తర్వాత ఏం మాట్లాడినా, "ఇందాక నేను ఇలాగే అన్నానా?" అని ఆమెను అడిగేవారట. పోనుపోను మాటలే మానేశారు. చివరి రెండేళ్లు నర్సింగ్ హోమ్‌లో గడిచాయి. ఆయన నిజంగానే మరిచిపోయారా, మరిచిపోతున్నానన్న భయమే ఆయన్ని తినేసిందా? తెలియదు. టేపు ఎప్పుడో చెరిపేశాను.

పోయిన వారం గ్రేస్ ఫోన్ చేసింది. ఈమధ్య తనకు పేర్లు గుర్తు రావడం లేదట.

"నాన్నదే నాకూ వచ్చిందేమో అక్కా. ఆయనకెప్పుడు మొదలైందని డాక్టర్ అడుగుతున్నారు. ముందు గమనించింది మీరే కదా?"

"పుస్తకం వచ్చిన ఏడాదే," అన్నాను. నా నోరే. మళ్లీ.

ఈ కాగితం ఆమెకు పంపుతాను. క్షమించమని అడిగే ముఖం లేదు. కానీ ముందు మీ దగ్గర ఒక్కసారి పూర్తిగా అననివ్వండి: ఆ మధ్యాహ్నం డేనియల్ గారు ఏదీ మరిచిపోలేదు. అబద్ధం చెప్పింది నేను.

అనేశాను. ఊపిరాడుతోంది. అంతకు మించి ఏమీ మారలేదు.