ఒడ్డు దాటని మాట

మూడేళ్ల కిందటి అక్టోబరు. వన్‌టౌన్‌లో నా రిపేరు కొట్టు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును పన్నెండు, ఐదు వోల్టులకు తగ్గించి కంప్యూటర్‌కిచ్చే డబ్బా, పట్టుకొచ్చి "దీని వోల్టేజీ పెంచు భాయ్" అనేవాళ్లతో అప్పటికే ప్రాణం విసిగిపోయి ఉంది. ఒకడికి బ్యాటరీ ఛార్జర్ కావాలి, ఇంకొకడికి ఆంప్లిఫయర్‌కి కావాలి. వీడియో చూసి సగం విప్పేసి, తక్కిన సగం నా నెత్తిన పడేసి పోతారు.

ఒక మధ్యాహ్నం ఫిషింగ్ హార్బర్ నుంచి నూకరత్నం అనే ఆవిడ వచ్చింది. ఒక చేతిలో ఎస్‌ఎంపీఎస్, ఇంకో చేతిలో దాని కరెంటుతో నడిచే, బోటువాళ్లు మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్.

"రేపు రామ్మా," అన్నాను తలెత్తకుండానే.

"రేపటికేటుంటాది భాయ్? తుపానంట. బోట్లన్నీ వచ్చీసినాయి, మా ఆయన బోటొక్కటే రాలేదు. ఆయన మాట నాకు ఇనపడతంది, నా మాటే ఎల్లట్లేదు. బటన్ నొక్కితే సెట్టు ఆరిపోతంది. ఇంకో వలేసి వద్దామని ఆళ్లలో ఆళ్లు సెప్పుకుంతన్నారు!"

మామూలుగా ఒడ్డు మాటను ఒక బోటు విని ఇంకో బోటుకి అందిస్తుంది. ఆ రోజు మధ్యలో అందించడానికి ఒక్క బోటూ లేదు, ఒడ్డున కట్టేసిన బోట్ల సెట్లు అంత దూరం అందుకోవు. చేతిలో పని పక్కన పెట్టేశాను.

వినడానికి సెట్‌కి కొద్ది కరెంటు చాలు, మాట్లాడటానికి బోలెడు లాగుతుంది. అప్పుడు పన్నెండు కాస్తా పదికి జారిపోతోంది. అవుట్‌పుట్ ఎంతుందో లోపలి ఐసీ చిప్పుకి చెప్పే దారిని ఫీడ్‌బ్యాక్ అంటాం. ఇందులో అది ఐదు వోల్టుల లైను మీదే కన్నేసి ఉంది. దాన్ని పన్నెండు లైనుకి కలిపి, రెసిస్టర్ మార్చి, సెట్‌కి కావలసిన పదమూడున్నర పైచిలుకు వోల్టులకి తెచ్చాను. వెంటనే ప్రొటెక్షన్ కొట్టి ఆగిపోయింది. వోల్టేజీ హద్దు దాటితే ఆపేసే కాపలా అది. పీకేయడం తేలిక, చాలామంది అదే చేస్తారు. నేను హద్దు మాత్రం కాస్త జరిపాను. "అయిపోనాదా, అయిపోనాదా" అంటూ ఆవిడ నా ప్రాణం తోడేసింది.

ఏరియల్ వాళ్లింటి మీద ఉంది కాబట్టి నేనూ వెంట వెళ్లి సెట్ తగిలించాను. ఆవిడ బటన్ నొక్కింది.

"ఏమయ్యా, ఇనపడతందా? తుపానొత్తంది, వల లాగీసి వచ్చీయండి! ఇనపడతందా? పలకవేటి?"

మీటర్ ముల్లు పదమూడున్నర దగ్గర నుంచి కదల్లేదు, సెట్ ఆరలేదు. అయినా అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ ఏడుపు లంకించుకుంది. అప్పుడు చూశాను, ఆవిడ బటన్ వదల్లేదు.

"వేలు తియ్యమ్మా! నువ్వు నొక్కినంతసేపూ ఆయన మాట రాదు."

భయంతో బిగుసుకుపోయిన వేలు తియ్యడం ఆవిడ వల్ల కాలేదు. నేనే విడదీశాను.

"...ఇనపడతంది రత్నం, ఇంతన్నాం! ఎన్నిసార్లు సెప్పాలే? వల లాగీసినాం, వత్తన్నాం."

ఇప్పటికీ జనం డబ్బాలు తెస్తూనే ఉన్నారు, నాకు విసుగూ తగ్గలేదు. కానీ మీటర్ సరిగ్గా చూపించగానే పంపేయను. దాన్ని వాడే మనిషి చేతనే ఒకసారి వాడించి, ఆ చేతి వంక చూస్తాను.